సైకిల్‌కి ఊదా, ఆకుపచ్చ, నీలం లైట్లు పెట్టుకోవచ్చా? వెనక ఎరుపు ఒక్కటే సరిపోతుందా?

రాత్రిచక్రం · సోమవారం రాత్రి 11:52

అందరికీ నమస్తే. రోజూ డ్యూటీ అయ్యాక రాత్రి పదకొండు దాటాక 14 కిలోమీటర్లు సైకిల్ మీద ఇంటికొస్తా, నాలుగేళ్ళుగా ఇదే దారి. పోయిన వారం పక్కరోడ్డులోంచి ఒక కారు నేరుగా నా ముందుకి వచ్చేసింది, బ్రేక్ నొక్కి పక్కకి పడ్డా, మోచెయ్యి చీరుకుపోయింది, అంతకంటే పెద్ద దెబ్బేం తగల్లేదు. ఆయన దిగి పాపం నిజంగానే వణికిపోతూ చెప్పిన మాట ఏంటంటే, "బాబూ నీ లైటు కనబడింది, కానీ ఎక్కడో దూరంగా వస్తున్న బండి అనుకున్నా" అని. ఆ మాట నన్ను వదలట్లేదు. అంటే లైటు లేక కాదు, ఉన్న లైటు పది లైట్లలో కలిసిపోయింది. వెనకైనా అంతే కదా, ముందు పోయే కార్లు ఎరుపు, బస్సులు ఎరుపు, మధ్యలో నా చిన్న ఎర్ర చుక్క ఎవరికి ఆనుతుంది? అందుకే 16 రంగులు మారే ఎల్ఈడీ స్ట్రిప్ ఒకటి తెప్పించా, రిమోట్ కూడా ఉంది. వెనక ఊదా రంగు పెడితే ఎవడైనా "ఇదేంటి" అని ఒక్క క్షణం చూస్తాడు, నాకు ఆ ఒక్క క్షణం చాలు. ఎవరైనా వాడుతున్నారా? తప్పయితే తప్పని చెప్పండి.

పాతగేర్ · మంగళవారం ఉదయం 6:10

ముందు చెయ్యి ఎలా ఉందో చెప్పు తమ్ముడూ. పెద్దగా ఏం కాలేదు, అదే సంతోషం.

ఊదా విషయం మాత్రం నాకు మింగుడు పడట్లేదు. రాత్రి రోడ్డు మీద రంగు అనేది అలంకారం కాదు, అదొక మాట. తెలుపు కనబడితే "నీ వైపు వస్తున్నా" అని, ఎరుపు కనబడితే "నీతోపాటే అటే పోతున్నా" అని. ఆ మాట అర్థం చేసుకోడానికి డ్రైవర్ ఆలోచించక్కర్లేదు, కాలు దానంతటదే బ్రేక్ మీదకో యాక్సిలరేటర్ మీదకో పోతుంది. నువ్వు ఊదా పెట్టావనుకో, వాడు చూస్తాడు, నిజమే, కానీ చూసి ఏం తెలుసుకుంటాడు? వస్తున్నావా పోతున్నావా ఆగున్నావా ఏదీ తెలీదు. నీకు కావాల్సిన ఆ ఒక్క క్షణం వాడు "ఏంటది" అని తేల్చుకోడానికే ఖర్చయిపోతుంది.

చువ్వలమోత · మంగళవారం ఉదయం 8:35

నేను ఒప్పుకోను అన్నా. రెండేళ్ళుగా నా రెండు చక్రాల చువ్వలకి ఆకుపచ్చ లైట్లున్నాయి, అవి పెట్టిన దగ్గర్నుంచి పక్కగా పోయే బళ్ళు ఎడం ఇచ్చి పోతున్నాయి, ఇది నేను రోజూ చూస్తున్నదే. అందరూ ముందూ వెనకా గురించే మాట్లాడతారు, పక్క సంగతి ఎవరికీ పట్టదు. పైన ఆయన్ని గుద్దబోయిన కారు వచ్చింది పక్కరోడ్డు నుంచే కదా! పక్కనుంచి చూస్తే మన సైకిల్‌కి లైటే లేదు, ఒక సన్నటి ఇనుప కడ్డీ అంతే. లండన్‌లో అద్దె సైకిళ్ళకి ముందు లైటులోనే ఆకుపచ్చ లేజర్ పెట్టారు, కొన్ని మీటర్ల ముందు రోడ్డు మీద సైకిల్ బొమ్మ పడుతుంది, మలుపు తిరగబోయే బండివాడికి మనిషి కనబడకముందే బొమ్మ కనబడుతుంది. మరి అది మామూలు రంగా? కాదు కదా, అయినా పెట్టారు.

పాతగేర్ · మంగళవారం ఉదయం 8:50

ఆ లేజర్ నేల మీద పడుతుంది, కంట్లో పడదు. పైగా అక్కడ ముందు తెలుపు, వెనక ఎరుపు తీసెయ్యలేదు, వాటికి తోడు పెట్టారు. తీసేసి పెట్టడం వేరు, తోడు పెట్టడం వేరు, ఈ రెండూ కలిపేసి మాట్లాడితే ఎంతసేపైనా ఇక్కడిక్కడే తిరుగుతాం.

కంటిచూపు · మంగళవారం మధ్యాహ్నం 1:20

కళ్ళద్దాల పరీక్ష చేసే పనిలో ఉన్నాను, అందుకే ఈ చర్చ ఆసక్తిగా చదివాను, కొంచెం పొడుగ్గా రాస్తున్నా ఓపిక పట్టండి.

మన కంటి వెనక పొరలో వెలుగు పట్టే కణాలు రెండు రకాలు. పగటి చూపుకి, రంగులకి పనికొచ్చే కోన్లు సుమారు 60 లక్షలు, మసక వెలుగులో పనిచేసే రాడ్లు సుమారు 12 కోట్లు. పగలు మన కన్ను ఎక్కువగా స్పందించేది వెలుగు తరంగం పొడవు 555 నానోమీటర్లు ఉన్న దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ. బాగా చీకటయ్యాక అది 507 దగ్గరకి జరుగుతుంది, అంటే నీలం కలిసిన ఆకుపచ్చ. దీన్ని 1819లో పుర్కిన్యె అనే చెక్ శాస్త్రవేత్త గమనించాడు, తెల్లవారుజామున ఎర్ర పూలు నల్లగా, ఆకులు వెలుగ్గా కనబడటం చూసి. పొద్దున్నే మందార చెట్టు దగ్గర నిలబడితే ఎవరికైనా ఇది తెలుస్తుంది.

కాబట్టి చీకట్లో ఓరకంటికి ఆకుపచ్చ త్వరగా తగులుతుంది అనేది నిజమే. కానీ ఇక్కడే జాగ్రత్త. డ్రైవర్ కన్ను పూర్తి చీకటికి అలవాటు పడి ఉండదు, హెడ్‌లైట్లు, వీధి దీపాలు, డాష్‌బోర్డు ఉంటాయి. పైగా ఒక లైటుని తిన్నగా చూసినప్పుడు అది పడేది కంటి మధ్య చిన్న గుంటలో, అక్కడ రాడ్లు ఉండవు, అంతా కోన్లే. అందుకని 507 లెక్క పట్టుకుని "ఆకుపచ్చే గొప్ప" అనడం సగం చదివి చెప్పినట్టే.

నీలం సంగతి ఇంకా కష్టం. ఆ గుంట నడిమధ్యలో నీలం పట్టే కోన్లు దాదాపు ఉండవు, కంటి కటకం కూడా నీలాన్ని మిగతా రంగులతో ఒకే చోట కలపలేదు, అందుకే రాత్రి నీలం బోర్డుల అంచులు మనకి అలుక్కుపోయినట్టు కనబడతాయి. "ఏదో ఉంది" అని తెలుస్తుంది, ఎక్కడుందో ఎంత దూరమో తేల్చుకోవడం కష్టమవుతుంది. మీ ఊదా ఎల్ఈడీ నిజానికి ఎరుపూ నీలం పక్కపక్కన వెలగడమే, దూరం నుంచి అందులో ఎరుపొకచోట నీలమొకచోట ఆనుతుంది.

రాత్రిచక్రం · మంగళవారం రాత్రి 11:40

మేడం చాలా థాంక్స్, ఊదా గురించి ఇలా ఎవరూ చెప్పలేదు. పాతగేర్ అన్నా, చెయ్యి మానిపోతోంది. అయితే నీలం, ఊదా వదిలేసినట్టే. మరి ఆకుపచ్చ? వెనక ఎరుపుకి బదులు ఆకుపచ్చ పెడితే ఆ ఎర్ర లైట్ల గుంపులో విడిగా కనబడతా కదా, నా అసలు బాధ గుంపులో కలిసిపోవడమే.

స్టీరింగ్‌ముందు · బుధవారం తెల్లవారు 4:15

లారీ తోలుతా, 22 ఏళ్ళు, ఎక్కువగా రాత్రి పూటే. సైకిల్ వాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలీదు గానీ క్యాబిన్‌లోంచి ఏం కనబడుతుందో చెప్తా.

రోడ్డు పక్కన ఆకుపచ్చ వెలుగు కనబడిందనుకో, నేను అనుకునేది షాపు బోర్డు, లేదా ఎక్కడో సిగ్నల్, లేదా ఎవరో ఇంటికి లైట్లు కట్టారు. అంటే కదలనిది అనుకుంటా. కదలనిదాన్ని మనసు పక్కన పెట్టేస్తుంది, అది మన చేతుల్లో ఉండదు. ఎరుపు అనుకో, ఎంత చిన్నదైనా నా ముందు బండి ఉందని లెక్కేసుకుంటా.

రెండోది ఆ కారాయన చెప్పిన మాట అబద్ధం కాదు. ఒక్క చుక్క లైటుకి దూరం ఉండదు. చిన్న లైటు దగ్గరున్నా పెద్ద లైటు దూరంగా ఉన్నా చీకట్లో ఒకేలా కనబడతాయి. కారుకి రెండు లైట్లుంటాయి, వాటి మధ్య ఎడం పెరిగే కొద్దీ దగ్గరైందని తెలుస్తుంది, సైకిల్‌కి ఆ ఎడం లేదు. అందుకని రంగు మార్చకండి, చుక్కలు పెంచండి. సీటు కింద ఒకటి, కింద చక్రం ఇరుసు దగ్గర ఒకటి. మనిషి ఎత్తు తెలిసిందంటే దూరం తెలిసినట్టే.

మూడోది, నన్నడిగితే అన్నిటికంటే గట్టిది, పెడల్ రిఫ్లెక్టర్లు. నా హెడ్‌లైట్ పడగానే రెండు పసుపు ముక్కలు పైకీ కిందకీ ఆడతాయి, ఒకటి లేస్తే ఒకటి దిగుతుంది. భూమ్మీద ఇంకేదీ అలా ఆడదు. అర సెకను కూడా పట్టదు, సైకిల్, మనిషి తొక్కుతున్నాడు, అయిపోయింది. ఈ మధ్య కొత్త సైకిళ్ళకి అవే పీకేస్తున్నారు, చూస్తే బాధేస్తుంది.

కంటిచూపు · బుధవారం ఉదయం 7:05

స్టీరింగ్‌ముందు గారూ, మీరు 22 ఏళ్ళలో చూసి చెప్పింది ల్యాబ్‌లో కూడా తేలింది. 1973లో యొహాన్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త చీకట్లో మనుషుల కీళ్ళకి మాత్రమే వెలుగు చుక్కలు పెట్టి నడిపించి చూపించాడు, ఆగి ఉన్నంతసేపు అవి ఏవో చుక్కలు, కదలగానే చూసినవాళ్ళు వెంటనే మనిషని చెప్పేశారు. తర్వాత ఆస్ట్రేలియాలో మూసిన ట్రాక్ మీద డ్రైవర్లతో సైకిళ్ళ మీదే పరీక్ష చేశారు. రిఫ్లెక్టర్ జాకెట్ ఒక్కటే వేసుకున్న సైక్లిస్టుని గుర్తుపట్టింది సగం మంది, దానికి తోడు మోకాళ్ళకి, చీలమండలకి రిఫ్లెక్టర్ పట్టీలు కట్టినప్పుడు 90 శాతం. నల్ల బట్టలకి 2 శాతం. మెరిసే పచ్చ ఫ్లోరోసెంట్ జాకెట్ మాత్రమే అయితే 15 శాతమే, ఎందుకంటే అది మెరిసేది ఎండలోని అతినీలలోహిత కిరణాలతో, రాత్రి వాటికి దారి లేదు.

చువ్వలమోత · బుధవారం ఉదయం 9:30

అంటే కదిలే వెలుగు మంచిదన్నమాటే కదా, నా చువ్వల లైట్లు చేసేది కూడా అదే. తిరుగుతుంటే వలయం పడుతుంది, రెండు వలయాలు పక్కపక్కన కనబడితే సైకిల్ కాక ఇంకేముంటుంది.

పాతగేర్ · బుధవారం ఉదయం 9:44

చువ్వల మీద నాకు గొడవ లేదు, ఆకుపచ్చ మీదే. అదే వలయం తెలుపు గానో పసుపు గానో ఉంటే ఏం పోతుంది నీకు?

డైనమోహబ్ · బుధవారం సాయంత్రం 6:25

రూల్స్ గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలోనే సైకిల్‌కి ముందు తెలుపు లేదా లేత పసుపు, వెనక ఎరుపు, దాంతోపాటు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలని ఉంది. చాలా దేశాల రూల్స్ ఆ మాటే. బ్రిటన్‌లో 1989 లైటింగ్ రూల్స్ ప్రకారం 1985 అక్టోబర్ తర్వాత తయారైన సైకిల్‌కి పెడల్ రిఫ్లెక్టర్లు కూడా తప్పనిసరి, ఆంబర్ రంగులో, అంటే నారింజ కలిసిన పసుపు. అమెరికాలో అమ్మే సైకిల్‌కి పెడల్స్‌కి, చక్రాలకి రిఫ్లెక్టర్లు ఉండాలి, ముందు చక్రానికి ఆంబర్ లేదా తెలుపు, వెనక చక్రానికి ఎరుపు లేదా తెలుపు. గమనించారా, పక్క నుంచి చూసినా ముందేదో వెనకేదో తెలిసేలా పెట్టారు, అంత ఆలోచించారు.

బ్లింకింగ్ మీద మాత్రం ఒక్కో దేశానిది ఒక్కో మాట. జర్మనీలో సైకిల్ లైటు మిణుకుమిణుకుమనకూడదు. బ్రిటన్‌లో 2005 నుంచి ఒప్పుకున్నారు, నిమిషానికి 60 నుంచి 240 సార్ల మధ్య ఉండాలి. మన స్ట్రిప్‌లలో వచ్చే ఆ టకటకా కొట్టే మోడ్ మాత్రం ఎవరూ వాడొద్దు, సెకనుకి మూడు నుంచి ముప్పై సార్ల మధ్య మెరుపులు కొందరికి మూర్ఛ తెప్పించగలవు.

నీలం చాలా దేశాల్లో పోలీసులది, అంబులెన్స్‌ది. ఇంకో కొత్త సంగతి, నీలం ఆకుపచ్చ కలిసిన టర్కాయిస్ రంగుని తనంతట తాను నడిచే కార్లకి గుర్తుగా వాడుతున్నారు, 2023 డిసెంబర్‌లో మెర్సిడెస్‌కి కాలిఫోర్నియా, నెవాడాల్లో అనుమతి వచ్చింది. అంటే ఇప్పుడు ఖాళీగా ఉందనుకున్న రంగు రేపు ఇంకోదానికి గుర్తవుతుంది. ఎవరి దేశంలో రూల్ ఏంటో వాళ్ళు చూసుకుని పెట్టుకోండి, యాక్సిడెంట్ అయితే ముందు అడిగేది అదే.

చువ్వలమోత · బుధవారం సాయంత్రం 6:58

రూల్ రూల్ అంటే ఎలా అండి, ఆ రూల్స్ రాసినప్పుడు రోడ్డు మీద ఇన్ని బళ్ళు లేవు, ఇన్ని బోర్డుల వెలుగు లేదు. రూల్ ప్రకారం అన్నీ పెట్టుకుని గుద్దించుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఆస్పత్రిలో పడుకున్నవాడికి "నీ లైటు రంగు కరెక్టే" అని చెప్పి ఏం లాభం? నా ప్రాణం కోసం నేను ఒక వెలుగు ఎక్కువ పెట్టుకుంటా అంటే దాన్ని నేరంలా చూడకండి.

డైనమోహబ్ · బుధవారం సాయంత్రం 7:20

నేరం అనలేదు, మీ ఆవేశం నాకు అర్థమవుతుంది, నేనూ ఒకసారి వెనకనుంచి గుద్దించుకున్నవాడినే. ఎక్కువ వెలుగు పెట్టుకోవడం మంచిదే. డెన్మార్క్‌లో ఒడెన్సె ఊళ్ళో 2004 నవంబర్ నుంచి ఏడాదిపాటు 1,845 సైకిళ్ళకి చక్రం తిరుగుతుంటే అయస్కాంతంతో పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండే లైట్లు బిగించి, లేని 2,000 మందితో పోల్చి చూశారు, సైకిల్ తొక్కేవాళ్ళకి దెబ్బలు తగిలిన ప్రమాదాలు మొత్తమ్మీద 19 శాతం తక్కువ. అక్కడ కొత్త రంగులేం పెట్టలేదు, ఎప్పుడూ వెలిగి ఉండటమే.

పొగమంచుదారి · బుధవారం రాత్రి 9:05

చలికాలంలో పొద్దున్నే తొక్కుతా, మంచులో పసుపు లైటు దూసుకుపోతుందంటారు, ముందు పసుపు పెట్టాలా?

కంటిచూపు · బుధవారం రాత్రి 9:40

పొగమంచులో నీటి చుక్కలు వెలుగు తరంగం కంటే చాలా పెద్దవి అండి, అందుకని అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనబడే లెక్క మంచుకి పనికిరాదు. ఫ్రాన్స్‌లో 1936 చట్టం నుంచి 1993 దాకా కార్లకి పసుపు హెడ్‌లైట్లే ఉండేవి, చివరికి వాళ్ళూ తెలుపుకే వచ్చేశారు. లేత పసుపు పెడితే ఎదుటివాళ్ళ కళ్ళకి కాస్త హాయిగా ఉండొచ్చు, అంతవరకే. మంచులో లైటు కొంచెం కిందకి వంచండి, వెలుగు మన కళ్ళల్లోకే తిరిగి కొట్టకుండా.

రంగుతేడా · గురువారం ఉదయం 5:50

ఇంతవరకు చదువుతూ వచ్చా, రాయాలా వద్దా అనుకుని రాస్తున్నా. నాకు పుట్టుకతోనే ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 8 శాతం మందికి ఏదో ఒక మోతాదులో ఇది ఉంటుందని లెక్క, మిగతా చోట్ల కొంచెం తక్కువ, కానీ అన్నిచోట్లా ఉన్నాం. మేమూ కార్లు నడుపుతాం, సైకిళ్ళు తొక్కుతాం.

నా రకానికి ఎరుపు రంగు మసకగా కనబడుతుంది, మీకు మెరిసే ఎర్ర లైటు నాకు ఆరిపోబోతున్న నిప్పు కణికలా ఉంటుంది. ఇక ఆకుపచ్చ ఎల్ఈడీ నాకు తెలుపులాగే ఉంటుంది, ట్రాఫిక్ సిగ్నల్లో ఆకుపచ్చ కూడా నాకు పాలిపోయిన తెలుపే, పైనుందా కిందుందా చూసి పోల్చుకుంటా. ఇప్పుడు రాత్రిచక్రం గారు వెనక ఆకుపచ్చ పెట్టారనుకోండి, ఆయన వెనక కారు నడుపుతున్న నాకు ఏం కనబడుతుంది? ముందు ఒక తెల్ల లైటు. అంటే ఎవరో నాకు ఎదురుగా వస్తున్నారు. నేను అటు తప్పుకుంటా, ఆయన కూడా అటే ఉంటారు.

ఎవర్నీ తప్పు పట్టడానికి చెప్పట్లేదు. నాలాంటివాడు మీ వెనక ఉండొచ్చని ఒక్కసారి గుర్తు పెట్టుకోమంటున్నా. నాకు సాయం చేసేది రంగు కాదు, ఎరుపే కొంచెం గట్టిగా, వెడల్పుగా ఉండటం.

పాతగేర్ · గురువారం ఉదయం 6:30

అన్నా, నలభై ఏళ్ళు సైకిల్ తొక్కా, ఈ కోణం నాకెప్పుడూ తట్టలేదు. రాసి మంచి పని చేశావు.

చువ్వలమోత · గురువారం ఉదయం 8:15

రంగుతేడా గారూ, నిజాయితీగా చెప్తున్నా, నా వెనక చక్రం లైటు వెనక నుంచి కూడా కనబడుతుంది, అంటే మీకది తెల్లగా కనబడుతుందన్నమాట. వెనక చక్రానిది తీసేస్తున్నా, అక్కడ ఆంబర్ రిఫ్లెక్టర్ గొట్టాలు చువ్వలకి తొడుగుతా.

డైనమోహబ్ · గురువారం ఉదయం 8:40

వెనక చక్రానికి అవే తెలుపువి దొరుకుతాయి చూడండి, గొట్టాలు చువ్వ పొడుగునా అంటుకుని పక్కకే మెరుస్తాయి కాబట్టి తెలుపైనా గొడవ లేదు. ఆంబర్ ముందు చక్రానికి ఉంచండి.

పిల్లలసైకిల్ · గురువారం మధ్యాహ్నం 12:10

మా పాప సైకిల్ చక్రాలకి రంగులు మారే లైట్లున్నాయి, సాయంత్రం ఇంటి ముందే తొక్కుతుంది, తీసెయ్యాలా? తనకి అవంటే ప్రాణం.

పాతగేర్ · గురువారం మధ్యాహ్నం 12:25

వద్దమ్మా, ఉంచండి. బళ్ళు తిరగని చోట ఏ రంగైనా ఒకటే. రోడ్డెక్కే వయసు వచ్చినప్పుడు ఎరుపు, తెలుపు ఎందుకో తనకి చెప్పండి చాలు.

రాత్రిచక్రం · శనివారం రాత్రి 12:35

రెండ్రోజులు ఏం రాయలేదు, ఎందుకంటే నిన్న రాత్రి మా ఫ్రెండ్‌ని తీసుకుని ఖాళీ రోడ్డు మీదకి పోయి చూశా. సైకిల్ వాడికిచ్చి తొక్కమని 200 అడుగులు లెక్కపెట్టుకుని వెనక్కి వెళ్ళి నిలబడ్డా.

ఊదా పెట్టినప్పుడు మేడం చెప్పినట్టే చుట్టూ ముసురు పట్టినట్టు ఉంది, వాడు దూరం పోతున్నాడా ఆగాడా నాకే తెలియలేదు, సైకిల్ నాదే అయ్యుండి కూడా. ఆకుపచ్చ చాలా బాగా కనబడింది, అబద్ధం చెప్పను, అన్నిటికంటే ముందు కంటికి తగిలింది అదే. కానీ వాడు నావైపు తిరిగి వస్తున్నప్పుడు, అటు పోతున్నప్పుడు తేడా తెలియడానికి టైం పట్టింది. మామూలు ఎరుపు ఒక్కటీ చిన్న చుక్క. అదే ఎరుపు సీటు కింద ఒకటి ఆగకుండా వెలిగేది, ఇరుసు దగ్గర ఇంకొకటి నెమ్మదిగా కొట్టుకునేది పెట్టి, చీలమండలకి రిఫ్లెక్టర్ పట్టీలు కట్టి ఫోన్ టార్చ్ కంటి పక్కన పట్టుకుని చూశా. స్టీరింగ్‌ముందు అన్నా, మీరన్నది నిజం, కాళ్ళు ఆడుతుంటే ఇక వేరే అనుమానమే లేదు, అది మనిషే. నాకు వెన్నులో ఏదోలా అయింది, నాలుగేళ్ళు ఇది లేకుండా తిరిగాను కదా అని.

స్ట్రిప్ పారెయ్యలేదు. ఫ్రేమ్ కింద గొట్టానికి అంటించి ఆంబర్ రంగు దగ్గర ఆపేశా, వెలుగు నేల మీదకీ పక్కలకీ పడుతుంది, వెనక నుంచి కనబడదు, రెండు వైపులా వెళ్ళి చూసుకున్నా. రిమోట్ ఇంట్లో పెట్టేశా, దారిలో రంగు మారకుండా.

ఇంకో సందేహం, నా పెడల్స్ షూ క్లిప్ అయ్యే రకం, రిఫ్లెక్టర్ పట్టే చోటే లేదు. పట్టీ ఒక్కటి చాలా, షూ మడమకి కూడా ఏమైనా అంటించాలా?

స్టీరింగ్‌ముందు · శనివారం తెల్లవారు 3:50

మడమకి అంటించు తమ్ముడూ, రెండు కాళ్ళకీ, వెనక్కి చూసేలా. తొక్కుతుంటే పట్టీ ప్యాంటు కిందకి దూరిపోతుంది, మడమ దూరదు. వాన పడ్డాక ఒకసారి తుడుచుకో, బురద అంటితే మాకేం కనబడదు.